పాపం, పొడి ఏం చేసింది?

"ఇందులో పాదరసం ఏమన్నా కలుపుతారామ్మా?"

గోళ్ళ మీద అద్దం పొడి రుద్దుతుంటే పక్కన కూర్చుని చూసే పెళ్ళికూతురి తల్లి అడిగే మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఇదే. ఆవిడ అడగడంలో వింతేమీ లేదు. బూడిదరంగు పొడి చిటికెడు తీసుకుని నల్లటి గోటి మీద నాలుగుసార్లు రాస్తే చాలు, గోరు అద్దమైపోతుంది, పైనున్న ఫ్యాను రెక్కలు కూడా అందులో కనిపిస్తాయి. పగిలిన థర్మామీటరులోంచి నేల మీదికి దొర్లిన పాదరసం బొట్లని చూసిన తరం వాళ్ళది. పాత అద్దాల వెనక తగరం, పాదరసం కలిపిన పూత ఉండేది కూడా. 1835లో లీబిగ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త గాజు మీద వెండి పూత వేసే పద్ధతి కనిపెట్టిన తరవాతే అది మెల్లమెల్లగా వెనక్కి తగ్గింది.

లేదండీ, పాదరసం అక్కర్లేదు దీనికి. పైగా మన దేశపు 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం, కంటి చుట్టూ వాడేవి తప్ప మిగతా సౌందర్య సాధనాల్లో తెలియకుండా చేరిన పాదరసం కూడా పది లక్షల భాగాల్లో ఒక్క భాగం దాటకూడదు. ఈమాత్రం చెప్పగానే ఆవిడ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని కాఫీ కలపడానికి లేస్తుంది. నాకు అక్కడే ఉసూరుమంటుంది. ఎందుకంటే పొడి డబ్బా తెరిచే లోపల నేను మూడు సీసాల్లోంచి మూడు రకాల జెల్, అంటే ల్యాంపు వెలుతురులో గట్టిపడే గోళ్ళ పూత, తీసి వాళ్ళమ్మాయి గోళ్ళకి పూసి ఉంటాను. వాటిలో ఏముందని ఒక్క మాట అడగదు.

చెన్నైలో ఇళ్ళకి వెళ్ళి గోళ్ళ పని చేస్తాను నేను. టి.నగర్, కోడంబాక్కం, అన్నానగర్ తెలుగిళ్ళు ఎక్కువ, ఈమధ్య ఓఎంఆర్ అపార్ట్‌మెంట్లు కూడా. అందరిళ్ళలోనూ ఇదే వరస. రంగురంగుల పొడి చూడగానే "కెమికల్" అన్న మాట వస్తుంది, సీసాలో ఉన్న ద్రవం మాత్రం "పాలిషే కదా" అయిపోతుంది. దొంగను వదిలేసి దారినపోయేవాణ్ణి పట్టుకుంటున్నాం. పొడి అచ్చంగా నిర్దోషి అని నేననడం లేదు, దానికీ రెండు మూడు నేరాలున్నాయి. కాకపోతే అవి జనం వెతికే చోట లేవు.

ముందు ఆ పొడి ఏమిటో చూద్దాం. నా పెట్టెలో ముఖ్యంగా రెండు జాతులుంటాయి. ఒకటి అద్దం పొడి, క్రోమ్ అంటారు. చాలా మటుకు అది అల్యూమినియం, కంటికి విడిగా ఆనని సన్నటి పలకలుగా చేసింది. డబ్బా మీద దినుసుల పట్టీ ఉంటే సీఐ 77000 అని రాసి ఉంటుంది, అల్యూమినియానికి ఉన్న రంగు నంబరు అది. రెండోది ముత్యం పొడి. దీనికి మూలం అభ్రకం, మా ఇళ్ళలో కాకిబంగారం అనేవాళ్ళు.

మాది గూడూరు వైపు. సైదాపురం దారిలో గనుల పక్కన పోసిన మట్టిగుట్టలు ఎండకి తళుక్కుమనేవి. పిల్లలం ఆ రేకుల్ని పొరలు పొరలుగా ఊడదీసి నోటు పుస్తకాల్లో దాచుకునేవాళ్ళం. నెల్లూరు అభ్రకానికి కొంచెం ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. కరెంటు సామాన్లలో వేడికీ విద్యుత్తుకీ అడ్డు పెట్టడానికి అది ఒకప్పుడు మద్రాసు రేవులో ఓడలెక్కి దేశాలు దాటిపోయింది. అదే ఖనిజాన్ని సన్నటి పలకలుగా నూరి, ప్రతి పలక మీదా టైటానియం డయాక్సైడ్ పూత పట్టిస్తే ముత్యం మెరుపు వస్తుంది. ఆ పూత మందం సుమారు 40 నుంచి 60 నానోమీటర్లుంటే వెండి తెలుపు. ఇంకా పెంచుకుంటూ పోతే బంగారు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ వరసగా పలుకుతాయి. నిజానికి పొడిలో ఆ రంగు లేదు. పూత పైముఖం నుంచి కొంత వెలుతురు, కిందిముఖం నుంచి కొంత వెలుతురు వెనక్కొస్తాయి. ఆ రెండూ కలిసినప్పుడు కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని చచ్చిపోతాయి. వాన పడ్డ రోడ్డు మీద ఒలికిన పెట్రోలు రంగులీనడానికీ కారణం ఇదే.

ఇది తెలిస్తే డబ్బులు మిగులుతాయి. ఒకే డబ్బా ముత్యం పొడి, కింద పూసిన రంగును బట్టి రెండు వేషాలేస్తుంది. నల్ల జెల్ మీద రాస్తే, పొడిని దాటుకుని లోపలికి పోయిన వెలుతురును నలుపు మింగేస్తుంది. వెనక్కొచ్చిన రంగు ఒక్కటే మన కంటికి చేరుతుంది కాబట్టి నీలం నీలంగా, ఆకుపచ్చ ఆకుపచ్చగా నిలబడుతుంది. తెల్ల జెల్ మీద రాస్తే లోపలికి పోయినది కూడా తిరిగొచ్చి దానితో కలిసిపోతుంది, మిగిలేది ముత్యపు జిగి మాత్రమే. 2022లో హేలీ బీబర్ అనే అమెరికన్ మోడల్ గోళ్ళని చూసి 'గ్లేజ్డ్ డోనట్' అంటూ అందరూ వెంటపడింది ఈ రెండో రకానికే. పాలరంగు జెల్, దాని మీద ముత్యం పొడి, అంతకు మించి ఏమీ లేదు. నన్నడిగితే ఆ పాలరంగు మన చామనచాయ వేళ్ళ మీద పాలిపోయి కనిపిస్తుంది. ఫిల్టర్ కాఫీ రంగు జెల్ వేయించుకుని దాని మీద బంగారు ఛాయ పొడి రాయించుకోండి, లేదా ముదురు మెరూన్ మీద రాగి పొడి. ఫోన్లో ఫోటో చూపించి "అచ్చం ఇదే కావాలక్కా" అనేవాళ్ళతో వాదించను. ఒక వేలికి వాళ్ళడిగింది, పక్క వేలికి నాకు నచ్చింది వేసి ఊరుకుంటాను. తేల్చుకునేది వాళ్ళే.

ఈ అల్యూమినియం, అభ్రకం, టైటానియం డయాక్సైడ్, ఐరన్ ఆక్సైడ్లు మనకి కొత్తవేమీ కావు. లిప్‌స్టిక్‌లో ఉన్నాయి, ఐషాడోలో ఉన్నాయి. గోటి మీద అయితే పైన ఒకటి, కింద ఒకటి రెండు ప్లాస్టిక్ పొరల మధ్య బందీగా ఉంటాయి. పలకలు గోరు దాటి ఒంట్లోకి దిగిపోయేంత చిన్నవి కావు. "అన్నం కలుపుకుని తింటాం కదా, కడుపులోకి పోదా?" అని ఇంకో ప్రశ్న వస్తుంది. కాజూ కత్లీ మీది మెరుపు రేకు వెండో అల్యూమినియమో అడక్కుండా రెండు ముక్కలు లాగించే ఇళ్ళలో ఈ ప్రశ్న రావడం నాకు భలే ముచ్చటేస్తుంది. చేత్తో అన్నం తినేవాళ్ళకి నిజంగా వచ్చే ఇబ్బంది పసుపు. లేతరంగు టాప్ కోట్‌ని, అంటే అన్నిటికన్నా పైన వేసే జెల్ పొరని, పులుసు, కూరలు పచ్చగా మార్చేస్తాయి. కాసేపు ఎండలో తిరిగితే ఆ పసుపు చాలావరకు దానంతటదే వెలిసిపోతుంది, కంగారుపడి రుద్దకండి.

ఇక పని. ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌లో పొడి రుద్దే మూడు సెకన్లే చూపిస్తారు, గోరు టక్కున మెరుస్తుంది, జనం పొడికి ఆర్డరు పెట్టేస్తారు. ఆ మెరుపు పొడిది కాదు, దాని కింద ఉన్న పొరది. జెల్ ల్యాంపు కింద గట్టిపడేటప్పుడు గాలిలోని ఆక్సిజన్ దాని పైభాగాన్ని పూర్తిగా గట్టిపడనివ్వదు, పల్చగా జిగురు మిగిలిపోతుంది. మామూలు టాప్ కోట్ అయితే ఆ జిగురుని స్పిరిట్‌తో తుడిచేస్తాం. తుడవకుండా దాని మీదే అద్దం పొడి వేస్తే పలకలు ఎక్కడివక్కడ అడ్డదిడ్డంగా అతుక్కుపోతాయి, వెలుతురు చెల్లాచెదురై గోరు బూడిద పూసినట్టవుతుంది. అందుకని జిగురు మిగలని టాప్ కోట్, అంటే నో-వైప్, వేసి ల్యాంపులో పెట్టి, బయటికి తీసిన వెంటనే స్పాంజి పుల్లతో అదిమి రుద్దాలి. పలకలన్నీ వెల్లకిలా పడుకుని ఒక్క తలంగా కుదురుకుంటాయి. అద్దం అప్పుడొస్తుంది. ల్యాంపులో తక్కువసేపు ఉంచితే జిగురు, ఎక్కువసేపు ఉంచితే పొడి పట్టు దొరక్క జారిపోయి మచ్చలు మచ్చలుగా తేలుతుంది. నా ల్యాంపుకి సరిపోయిన సెకన్లు మీ ల్యాంపుకి సరిపోవు. విడి ప్లాస్టిక్ గోటి మీద వేసి చూసుకోవడం తప్ప దగ్గరిదారి లేదు. నియాన్ పొడులతో ఒక రంగులోంచి ఇంకో రంగులోకి జారేలా వేసే పనికి ఇదంతా తారుమారు. అక్కడ ఆ జిగురే కావాలి. రెండిటికీ ఒకే పద్ధతి వాడి "పొడి నకిలీది" అని తిట్టేవాళ్ళని చాలామందిని చూశాను.

పొడి రుద్దాక చేసే పని ఇంకా ముఖ్యం, అది రీల్స్‌లో అసలే కనబడదు. రెండు జెల్ పొరల మధ్య పొడి చేరిందంటే ఆ రెండిటికీ నేరుగా పొత్తు కుదరదు. నీళ్ళలో చెయ్యి నానినప్పుడో, సీసా మూత గోటితో లేపినప్పుడో పై పొర అంచు లేస్తుంది, లేచిన చోట నుంచి మొత్తం ఒక్క రేకుగా ఊడి వచ్చేస్తుంది. గోరు చుట్టూ సన్నటి గీత మేర పొడిని తుడిచేసి, అక్కడ జెల్‌కి జెల్ తగిలేలా చేసి, గోటి కొసని కూడా మూసేస్తూ టాప్ కోట్ వేస్తే ఈ బెడద తగ్గుతుంది. వారానికే ఊడిపోయిందని పొడిని తిట్టుకునే గోళ్ళని చూడండి, కొస మూయని గోళ్ళు అవి.

నా అసలు తగాదా ఇప్పుడు మొదలవుతుంది. అద్దం మెరుపుకి కింద నల్ల జెల్ కావాలన్నాను కదా. జెల్ రంగులన్నిట్లోనూ లోపలిదాకా గట్టిపడటానికి అన్నిటికన్నా మొండికేసేది ఆ నలుపే. ల్యాంపు వెలుతురు లోపలికి దిగకుండా రంగే అడ్డుపడుతుంది. త్వరగా అయిపోవాలని ఒకే దఫాలో మందంగా పూస్తే పైన రాయిలా ఉంటుంది, లోపల పచ్చిగానే మిగిలిపోతుంది. బొటనవేలు ల్యాంపులో పక్కకి వాలి ఉంటుంది కాబట్టి దానికి ఇంకా అన్యాయం. దాని మీద అద్దం పొడి రుద్ది టాప్ కోట్ వేశాక ఇక ఎవరికీ ఏమీ కనబడదు. పైన పటారం, లోన లొటారం. పొడి చేసిన తప్పేమైనా ఉంటే ఇంకొకరి తప్పుని దాచిపెట్టడం.

పచ్చిగా మిగిలితే ఏమవుతుంది? సీసాలో జెల్ అంటే ఎక్రిలేట్, మెథాక్రిలేట్ కుటుంబాల చిన్న చిన్న అణువుల ద్రవం. 365 నుంచి 405 నానోమీటర్ల మధ్య వెలుతురు పడితే అవి గొలుసులు కట్టుకుని ప్లాస్టిక్ అవుతాయి. అలా పూర్తిగా గట్టిపడిన దానితో నాకు పేచీ లేదు. గొలుసులో చేరకుండా మిగిలిపోయినవాటితోనే పేచీ. ముఖ్యంగా హెమా అని పిలిచే మెథాక్రిలేట్. చాలా చిన్న అణువు, చర్మంలోకి తేలిగ్గా దిగుతుంది. మొదట్లో ఏమీ తెలీదు. పదే పదే తగులుతూ పోతే ఏదో ఒక రోజు శరీరం దాని మీద పగ పడుతుంది. అక్కణ్ణుంచి వేళ్ళ కొసల్లో దురద, పగుళ్ళు, గోరు కింద చర్మం నుంచి విడిపోవడం. కొందరికి కనురెప్పలు వాస్తాయి, ఎందుకంటే చెయ్యి రోజుకి ఎన్నిసార్లు మొహం మీదికి పోతుందో మనకే లెక్క ఉండదు. ఈ ఎలర్జీ వచ్చిందంటే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. పంటి గుంతలో నింపే తెల్ల పదార్థం, మోకీలు మార్పిడిలో వాడే ఎముక సిమెంటు కూడా ఇదే కుటుంబం. అంటే గోళ్ళ దగ్గర తెచ్చుకున్న ఎలర్జీ సంగతి రేపు డెంటిస్టుకి చెప్పుకోవాల్సి వస్తుంది.

నుంగంబాక్కంలో నాకు తెలిసిన ఒకమ్మాయి, ఐటీ ఉద్యోగం, ఇంట్లోనే కిట్ తెప్పించుకుని గోళ్ళు వేసుకునేది. రెప్పల మీద దద్దుర్లు మొదలయ్యాయి. కాటుక మానేసింది. ఫేస్ క్రీము మార్చింది. ఆ తరవాత, మీరు ఊహించినట్టే, పొడి డబ్బాలన్నీ తీసుకెళ్ళి చెత్తబుట్టలో పడేసింది. దద్దుర్లు తగ్గలేదు. జెల్ మాత్రం మానలేదు, "పొడి లేకుండా మామూలుగానే వేసుకుంటున్నా కదక్కా" అంది. చివరికి చర్మ వైద్యురాలు వీపు మీద పట్టీలు అంటించి చేసే ప్యాచ్ టెస్ట్ చేయిస్తే తేలింది హెమా. పొడి డబ్బాలు అన్యాయంగా బలైపోయాయి. ఆ అమ్మాయి కిట్ ల్యాంపు అరచేతిలో పట్టేంత చిన్నది, జెల్ ఒక కంపెనీది, ల్యాంపు ఇంకో కంపెనీది. పైగా మే నెల చెన్నై ఉక్కలో జెల్ పల్చబడి గోరు దాటి చర్మం మీదికి పారుతుంది. అలా పారినదాన్ని తుడవకుండా ల్యాంపులో పెట్టేయడం, ఇంట్లో వేసుకునేవాళ్ళందరూ చేసే పనే.

ఐరోపా సమాఖ్య ఏం చేసిందో చూస్తే నేను చెప్పేది ఇంకా తేటపడుతుంది. హెమా ఉన్న గోటి ఉత్పత్తులు వృత్తిలో ఉన్నవాళ్ళ వాడకానికే అని 2021 నుంచి సీసా మీద రాయమంది. జెల్‌లో గొలుసుకట్టు మొదలుపెట్టే దినుసుల్లో ఒకటైన టీపీఓని 2025 సెప్టెంబరు 1 నుంచి సౌందర్య సాధనాల్లో పూర్తిగా నిషేధించింది. జంతువుల మీద చేసిన పరీక్షల్లో అది సంతాన సామర్థ్యానికి హాని చేస్తుందని తేలడం వల్ల ముందుజాగ్రత్తగా తీసిన దెబ్బ అది. రేపట్నుంచి జెల్ వేసుకున్నవాళ్ళకి పిల్లలు పుట్టరని కాదు, వాట్సాప్‌లో అలా తిప్పకండి. గమనించాల్సింది వేటు ఎక్కడ పడిందన్నది. రెండుసార్లూ జెల్ మీదే పడింది.

"హెమా ఫ్రీ" అని రాసిన సీసాలు ఇప్పుడు బాగా వస్తున్నాయి. నేనూ అవే వాడుతున్నాను. కానీ హెమా లేదంటే మెథాక్రిలేట్లే లేవని కాదు, దాని అన్నదమ్ములు ఉంటారు, ఒకదానికి ఎలర్జీ ఉంటే ఇంకొకదానికీ రావచ్చు. చర్మానికి తగలనివ్వకపోవడం ఒక్కటే నమ్మకమైన కాపలా. చేతి తొడుగులతో కూడా పూర్తి నిశ్చింత లేదు. లేటెక్స్ తొడుగులోంచి ఈ అణువులు నిమిషాల్లో దాటేస్తాయి, నైట్రైల్ కొంచెం నయం, అయినా తడిసిన వెంటనే మార్చాలి. పార్లర్లో పొద్దుట్నుంచి రాత్రి దాకా జెల్‌తో ఉండే ఇరవయ్యేళ్ళ అమ్మాయిల చేతుల మీద నాకున్న బెంగ, నెలకోసారి వేయించుకునే కస్టమర్ల మీద లేదు.

ల్యాంపు వెలుతురు సంగతి కూడా అడుగుతారు. 2023లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో పరిశోధకులు ఈ ల్యాంపుల కింద పెట్టిన కణాల డీఎన్‌ఏ దెబ్బతిన్నదని ప్రచురించారు. గాజు పళ్ళెంలో పెంచిన కణాలవి, మనిషి చేతులు కావు. అయినా వేళ్ళ కొసలు కత్తిరించిన గ్లవ్స్ వేసుకుంటే పోయేదేమీ లేదు.

పొడి నేరాల లెక్క కూడా తేల్చాలిగా. మొదటిది గాలి. గోటి మీద రెండు పొరల మధ్య ఉన్న పొడి ఏమీ చెయ్యదు, గాల్లో ఎగిరే పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫ్యాను కింద డబ్బా తెరిచేవాళ్ళని చూస్తే నాకు చిరాకు. పని జరిగేంతసేపు ఫ్యాను ఆపాలి, పొడి డబ్బాలోంచి చిటికెడే తీయాలి, ఊదకూడదు, మెత్తటి బ్రష్‌తో తడి టిష్యూ మీదికి దులపాలి. గుడ్డ మాస్కు చాలదు, ఎన్95 పెట్టుకోవాలి. పాత జెల్‌ని డ్రిల్లుతో అరగదీసేటప్పుడు లేచే దుమ్ము ఇంకా పాపిష్టిది, పొడి, పచ్చి జెల్, గోరు అన్నీ కలిసి ఉంటాయి అందులో. ఏసీ గది కదా అని తలుపులు బిగించేసే పార్లర్లు ఆ దుమ్మునే రోజంతా తిప్పి తిప్పి పీలుస్తున్నాయి.

రెండోది పుట్టుక. సౌకార్‌పేట, ప్యారీస్ సందుల్లో పేరూ ఊరూ లేని పొడులు దొరుకుతాయి. డబ్బా మీద ఒక నంబరు స్టిక్కరు, అంతే. కొన్ని రెసిన్ కీచైన్లు, గడియారాలు చేసేవాళ్ళ కోసం వచ్చినవి. సౌందర్య సాధనాల్లో వాడే రంగుల్లో సీసం 20 పీపీఎం (అంటే పది లక్షల భాగాల్లో 20), ఆర్సెనిక్ 2 పీపీఎం మించకూడదని మన నిబంధన. కీచైన్ పొడికి ఆ లెక్క వర్తించదు. తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు, దినుసుల పట్టీ, గడువు తేదీ లేని డబ్బా ఎంత మెరిసినా నేను కొనను. విదేశీ సరుకైతే దిగుమతి రిజిస్ట్రేషన్ ఉండాలి. "ఎలాగూ పైన టాప్ కోట్ వేస్తాంగా" అని వాదించేవాళ్ళున్నారు. వేస్తాం, నిజమే. రుద్దేటప్పుడు ఎగిరేదాని మీద టాప్ కోట్ ఎవరు వేస్తారు?

మూడోది అభ్రకం వెనక ఉన్న చేతులు. జార్ఖండ్‌లో కోడెర్మా, గిరిడీ వైపు 1980 అటవీ చట్టం తరవాత గనులు చాలా మూతపడ్డాయి, కానీ వదిలేసిన గుంతల్లో రేకు ముక్కలు ఏరే పని ఆగలేదు, పిల్లలు కూడా అందులోకి దిగారు. గుంతలు కూలి చనిపోయినవాళ్ళున్నారు. 2017లో కంపెనీలూ స్వచ్ఛంద సంస్థలూ కలిసి రెస్పాన్సిబుల్ మైకా ఇనిషియేటివ్ పెట్టడానికి కారణం అదే. నేను పుస్తకంలో దాచుకున్న రేకు ఆటవస్తువు, అక్కడి పిల్లలకి అది కూలి. ప్రయోగశాలలో చేసే సింథటిక్ అభ్రకం ఉంది, పట్టీలో సింథటిక్ ఫ్లోర్‌ఫ్లోగోపైట్ అని ఉంటుంది, కాస్త ఖరీదు, మెరుపు ఇంకా నిఖార్సుగా ఉంటుంది. పొడి విషయంలో నిలదీయాలని అంతగా ఉంటే పాదరసం వదిలేసి ఈ ప్రశ్న అడగండి.

"ఇంత గొడవెందుకే, ఆషాఢంలో గోరింటాకు పెట్టుకుంటే పోలా" అని మా పెద్దమ్మ అంటుంది. రోట్లో రుబ్బిన ఆకు అయితే ఆవిడకి నా దండం. కానీ పది నిమిషాల్లో నల్లగా పండే కోన్లు అమ్ముతున్నారే, వాటిలో జుట్టు రంగులో వాడే పీపీడీ కలిపినవి ఉంటాయి, చర్మం బొబ్బలెక్కి మచ్చలు మిగిలినవాళ్ళున్నారు. ఆకు బొమ్మ ఉంది కదా అని కోన్‌ని నమ్మేయడం, రంగు పొడి కదా అని డబ్బాని అనుమానించడం, రెండూ ఒకే చూపు.

జెల్ మానేయమంటావా, నీ పొట్ట నువ్వే కొట్టుకుంటావా అని మీరడగొచ్చు. మానేయమనడం లేదు. పల్చగా రెండు దఫాలు వేసి, ప్రతి దఫా పూర్తిగా గట్టిపరిచి, చర్మానికి తగిలినది ల్యాంపులో పెట్టే ముందే తుడిచేస్తే జెల్‌తో హాయిగా ఉండొచ్చు. ఈసారి ఎవరి దగ్గర చేయించుకున్నా ఆ జెల్‌కి ఆ ల్యాంపు సరిపోతుందా అని అడగండి, బొటనవేళ్ళు విడిగా పెట్టమనండి. జెల్ తీయడానికి వాడే ఎసిటోన్ సీసా పక్కన సాంబ్రాణి కడ్డీ, దేవుడి పటం ముందు దీపం వెలుగుతుంటే ముందు వాటిని దూరం జరపమనండి. ఎసిటోన్ ఆవిరి చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. ఇంట్లో మీకు మీరే జెల్ వేసుకోవడం మాత్రం వద్దు. కాన్పుకో ఆపరేషన్‌కో తేదీ ఉన్నవాళ్ళు ముందే తీయించుకోండి. వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరుకి మెరుపు గోళ్ళు అడ్డుపడొచ్చు, మత్తు డాక్టర్లు గోటి రంగు కూడా చూస్తారు, ఆస్పత్రిలో మామూలు రిమూవరుతో జెల్ రాదు.

తీయడం అన్నాను కాబట్టి డబ్బుల మాట కూడా. వేయడానికి ఎంతైనా ఇచ్చేవాళ్ళు తీయడానికి రూపాయి అడిగితే మొహం చిట్లిస్తారు. పై పొర అరగదీసి, ఎసిటోన్‌లో తడిపిన దూది పెట్టి రేకు చుట్టి, పది పదిహేను నిమిషాలాగి, మెత్తబడినదాన్ని పుల్లతో నెట్టాలి, గీకకూడదు. అందుకు డబ్బులెందుకని చాలామంది ఇంట్లో టీవీ చూస్తూ పీకేసుకుంటారు. పొడి వేసిన గోళ్ళయితే పై రేకు సులువుగా లేస్తుంది, ఆ ఊపులో కింది జెల్‌ని కూడా లాగుతారు, దానితో గోటి పొరలు లేచొస్తాయి. గోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది, మొదలు నుంచి కొస దాకా కొత్తది రావడానికి ఆరు నెలలు. ఆ పల్చబడిన గోళ్ళు పట్టుకొచ్చి "మీ పొడి తినేసింది చూడండి" అంటారు. అందుకని ఇప్పుడు తీసే కూలి కూడా వేసేటప్పుడే కలిపి తీసుకుంటున్నాను. మూడు వారాలకి నేనే ఫోన్ చేసి వస్తాను. బేరాలాడొద్దు.